వెనక వేసిన అతుకు

నేను ఒక పటాన్ని. గోడకు వేలాడే పటాన్ని కాను. ఇరవై మూరల బట్ట మీద రాసిన కథను. నన్ను చుట్టగా చుట్టి భుజాన మోసేవారు, విప్పి కథ చెప్పేవారు.

చేర్యాలలో నర్సింహులు అనే చిత్రకారుడు నన్ను తయారుచేశాడు. నూలుబట్టకు గంజి, సుద్ద, చింతగింజల బంక కలిపి మూడుసార్లు పూత పూశాడు. వెనక అంతా ఎర్రరంగు వేసి, దాని మీద పదకొండు ఘట్టాలు రాశాడు. మొదటి ఘట్టం కింద, నన్ను రాయించుకున్న కథకుడు ఓదెలు పేరు, అతని ఊరి పేరు రాశాడు. బొమ్మలకు కళ్లు మాత్రం చివరి రోజు దాకా పెట్టలేదు. ఓదెలు తన భార్య కొమురమ్మతో వచ్చి కొబ్బరికాయ కొట్టాకే నర్సింహులు వాటిని పెట్టాడు. నేను మొదట చూసింది ఆ ఇద్దరినే.

ముప్పై ఏళ్లు వాళ్లతో ఊరూరా తిరిగాను. ఓదెలు కర్రతో బొమ్మలు చూపిస్తూ కథ చెప్పేవాడు, కొమురమ్మ వంత పాడేది. చెబుతున్న ఘట్టం వరకే నన్ను విప్పేవారు. జరగబోయేది జనానికి ముందే కనిపించకూడదు. ఒక వానాకాలం ఏడో ఘట్టం దగ్గర నేను చిరిగాను. కొమురమ్మ తన ఆకుపచ్చ చీర కొంగు చించి, చింతగింజల బంకతో వెనక అతుకు వేసింది.

"నీ కొంగే దొరికిందా?" అని ఓదెలు నవ్వాడు.

"నీ రుమాలు అతికిస్తే కథంత చుట్టకంపు గొడ్తది," అంది ఆమె.

తర్వాత కొమురమ్మ పోయింది. వంత లేక కథ సాగలేదు.

కథ ఆగిపోయిన పటాన్ని కథకులు ఇంట్లో ఉంచుకోరు. పోయిన మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్లలో వదిలి, ఊరికి భోజనం పెడతారు. ఓదెలు నన్ను రెండుసార్లు వాగు దాకా మోసుకెళ్లాడు. రెండుసార్లూ ఆ అతుకు మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుని, వెనక్కి తెచ్చాడు. అప్పుడే పాత వస్తువులు కొనే వ్యాపారి ఒకడు వచ్చాడు. "అద్దాల పెట్టెలో పెడతారు పెద్దాయనా. వందేళ్లయినా చెక్కుచెదరదు," అన్నాడు. ఓదెలు నమ్మి నన్ను ఇచ్చేశాడు. ఊళ్లో మాత్రం వాగులో వదిలానని చెప్పి అందరికీ భోజనం పెట్టాడు.

అద్దాల పెట్టె లేదు. నన్ను కొన్నది హైదరాబాదులో పురుషోత్తం గారు. ఇతరులు ప్లాట్లు కొన్నట్టు ఆయన చిత్రాలు కొంటాడు. ఏ చిత్రాన్నీ గోడకు పెట్టడు. వెలుగు తగిలితే ధర తగ్గుతుందట. నాలుగేళ్లు చల్లటి గదిలో, ఇనప బీరువాలో ఉన్నాను. ఏడాదికోసారి సలహాదారు వచ్చి నా విలువ చెప్పి వెళ్లేవాడు. నా కథ ఏమిటని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఈ ఏడు సలహాదారు కొత్త మాట చెప్పాడు. మొత్తంగా అమ్మితే కొనేవాళ్లు తక్కువ, ఘట్టాలుగా కోసి ఫ్రేములు కడితే మూడింతలు వస్తుందని. అయితే ప్రతి ముక్కకూ ఇది అసలైనదే అనే పత్రం ఉండాలి. దాని మీద సంతకం పెట్టవలసింది నా మీద పేరున్న మనిషి. అందుకని కారు పంపి ఓదెలును పిలిపించారు.

నన్ను హాల్లో నేల మీద తివాచీలా పరిచారు. ఫ్రేములు కట్టే మనిషి ఘట్టాల మధ్య పెన్సిల్‌తో పది గీతలు గీసి, కత్తి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఓదెలు గుమ్మం బయటే చెప్పులు విడిచి వచ్చాడు. చూడగానే పోల్చుకున్నాడు. నన్ను తాకి కళ్లకద్దుకోవడానికి అతని చెయ్యి కిందికి వచ్చింది. సగంలో ఆగింది. గీతలు చూశాడు, కత్తిని చూశాడు. ఆ చేత్తో మోకాలు గోక్కున్నాడు.

"ఈ గీతలేంది సారూ?"

"కొయ్యడానికి. ఒక్కో బొమ్మ ఒక్కో ఇంటికి వెళ్తుంది. నీ పేరు ఢిల్లీ దాకా పోతుందయ్యా! ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు పురుషోత్తం గారు.

ఓదెలు పెన్ను అందుకున్నాడు. కాగితం మీదికి వంగాడు. మళ్లీ లేచి, పెన్నుకు మూత పెట్టాడు.

"గిది నాది కాదు సారూ."

"నీ పేరుంది కదా!"

"పేరు ఎవలైన రాస్తరు. నా పటం గంగల కలిసింది. మా ఊళ్లె ఎవలనైన అడుగుండ్రి."

అక్కడికక్కడే వాళ్ల సర్పంచికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో నవ్వు వినిపించింది. "ఓదెలు పటమా? వాగుల ఇడిసి నాలుగేండ్లాయె. ఆనాడు నేను రెండుసార్లు పప్పేయించుకున్న."

పురుషోత్తం గారు వదల్లేదు. ఏడో ఘట్టం దగ్గర నన్ను తిరగేశాడు. ఆకుపచ్చ కొంగు పైకి వచ్చింది.

"మరి ఈ అతుకు ఎవరిది? బాగా చూసి చెప్పు."

ఓదెలు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ కళ్లను నేను ముప్పై ఏళ్లు చూశాను. అవి కాస్త తడిసినా చాలు, ఫ్రేముల మనిషి కత్తి తీసుకుంటాడు.

"ఎవలో ఆడమనిషి కొంగు. నాకు ఎర్క లేదు," అన్నాడు.

కళ్లు తడవలేదు.

పురుషోత్తం గారు వ్యాపారికి ఫోన్ చేశాడు. ఆ నంబరు పనిచేయడం లేదు. "నకిలీ గుడ్డకు నాలుగేళ్లు ఏసీ పెట్టాను!" అంటూ నన్ను కాలితో తోశాడు. "బస్సు ఛార్జీల కింద నువ్వే పట్టుకుపో. పరుపు కిందికి పనికొస్తుంది."

ఓదెలు కదల్లేదు. "పాత గుడ్డ చేతుల పెట్టి పొమ్మంటె ఎట్ల సారూ? ఛార్జీలు గూడ ఇయ్యుండ్రి," అని బేరమాడాడు. మిగిలిన అనుమానం కాస్తా ఆ మాటతో పోయింది.

వీధి మలుపు తిరిగాక అతను గోడకు ఆనుకున్నాడు. నన్ను కళ్లకద్దుకున్నాడు. "నిన్ను ఎర్క లేదంటి గదనే," అన్నాడు. ఆ మాట నాతో అన్నది కాదు.

ఇప్పుడు మేం వాగులో ఉన్నాం. ఓదెలు నడుం లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్క ఘట్టమే విప్పుతున్నాడు, ఎదుట జనం ఉన్నట్టే. ఆరు ఘట్టాలు తడిశాయి. తర్వాతది ఏడోది. చింతగింజల బంక నీటికి ఆగదు. అతుకు ముందే ఊడి వస్తుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఒక చేత్తో నన్ను వదులుతూ, రెండో చేతిని దిగువ నీళ్లలో చాచి ఉంచాడు.