తెల్ల స్మొరోదినా

లీదియా పూసలంత పుల్లటి పళ్లుండే ఎర్ర స్మొరోదినా గుత్తిని ఫోర్కు ముళ్ల మధ్య దూర్చి కిందికి లాగింది. పళ్లు టపటపా గిన్నెలో రాలాయి, కాడ చేతిలో మిగిలింది. పిల్లల బడి వంటింట్లో ప్రతి వేసవీ ఇదే పని. నల్ల పళ్లయితే జామ్, ఎర్రవైతే పిండి కలిపి కాచే చిక్కటి పళ్లరసం, కిస్సెల్. లావుపాటి చేతులు మోచేతుల దాకా ఎర్రబడి ఉన్నాయి.

"ఏంటే ఆ మొహం? కిస్సెల్‌కి పులుపు నువ్వే సరిపోతావు," అంది తోటి వంటమనిషి నీనా.

"మా అత్త తెల్లవి అడుగుతోంది."

"కోసిపెట్టు. మీ పెరట్లో ఉందిగా."

ఉండేది. అత్త ఫెడోస్యా పుట్టిన ఊరిని వోల్గా జలాశయం ముంచేసినప్పుడు, ఆవిడ తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న కొమ్మ అది. ఆ ఊరినుంచి మిగిలిందల్లా ఆ పొదే. ఏటా చలికాలం చివర, మంచు కరగకముందే, పురుగు చావడానికి పొదలమీద మరిగే నీళ్లు పోస్తారు. మొగ్గ నిద్రలో ఉండగానే పోయాలి. ఈసారి మంచంలో పడ్డ ఫెడోస్యా "పోశావా, పోశావా" అని రోజూ ప్రాణం తీసింది. కొడుకు పోయాక కూడా కోడలిమీదే ఈ పెత్తనం ఏమిటని లీదియాకి ఒళ్లు మండింది. పంతం కొద్దీ పోయకుండా ఆపింది. మొగ్గలు పచ్చబడ్డాక ఒకరోజు విసుగెత్తి, క్యాన్ నిండా నీళ్లు మరిగించి ఆ తెల్లపొదమీద కుమ్మరించింది. ఆపైన పొద చిగురించలేదు. ఆ సంగతి అత్తకి చెప్పలేదు. సిగ్గుతో లీదియాకి అన్నం కూడా సహించేది కాదు.

పని అయ్యాక లీదియా పక్కింటి జఖార్ తెల్లపొద దగ్గర నిలబడింది.

"కోసుకో, అడగడమెందుకు? పిచ్చుకలు అడిగే తింటున్నాయా?" అన్నాడాయన.

ఫెడోస్యాకి చూపు పూర్తిగా పోయింది. లీదియా చేతికిచ్చిన సాసర్‌ని తడిమి, ఒక పండు నోట్లో వేసుకుంది.

"మనవేనా?"

"మనవే అత్తయ్యా."

ముసలావిడ చాలాసేపు నమిలింది. "జఖార్ పొదకి తొక్క మందం," అంది. "ఆరోజు కిటికీ తీసుంది లీదా. ఉడికిన ఆకు వాసన మంచం దాకా వచ్చింది. నిద్రపోయే మొగ్గకి వాసనెక్కడిది?"

లీదియా అత్త దుప్పటి సర్దింది.

"నువ్వే చెప్తావని చూశా. సర్లే. టీలోకి నాలుగు నల్లపొద ఆకులు తెంపుకురా."

పెరట్లో ఆకులు తెంపుతూ లీదియా ఏడ్చింది. మరిచిపోయి చేసింది కాదని, పంతానికే చేశానని చెప్పెయ్యాలి. కాళ్లు పట్టుకోవాలి. ముసలావిడ తిడితే హాయిగా తిట్టించుకోవాలి. కొళాయి కింద ఆకులు కడిగి గబగబా లోపలికొచ్చింది.

"అత్తయ్యా, నేను కావాలనే..."

ఫెడోస్యా గోడవైపు తల వాల్చి ఉంది. లీదియా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మళ్లీ చూసింది.

మంచం పక్క స్టూలుమీద సాసర్ ఉంది. సగం పళ్లే తిని, మిగతా సగం కోడలికని, ఈగలు వాలకుండా ఫెడోస్యా రుమాలు కప్పి ఉంచింది.