తాడు పట్టుకునే మనిషి

ఆ రేవులో పాత పడవ కొనడానికి వచ్చేవాళ్ళు తాడు పట్టుకునే మనిషిని వెంట తెచ్చుకుంటారు. తెరచాప కొయ్య పైదాకా వెళ్ళి, దాన్ని నిలబెట్టే ఇనప తీగలు చూడాలంటే కింద ఒకరు లాగాలి. ఆ తాడు పడవ అమ్మేవాడి చేతికిచ్చి గాల్లో వేలాడడానికి ఎవరికీ మనసొప్పదు. ఆస్లౌగ్ మాత్రం ఒక్కతే వచ్చింది.

"మనిషేడీ?" అన్నాడు పడవ యజమాని టోర్మోడ్, ఆమె వెనక చెక్కల దారి వైపు చూస్తూ.

"నేనే మనిషిని."

"కింద పట్టుకునే మనిషినమ్మా నేనడిగేది."

"మీరున్నారుగా పెద్దాయనా."

"బేరం కుదిరితేనే దించుతానంటే ఏం చేస్తావు?"

"అక్కణ్ణుంచే మిమ్మల్ని తిడుతూ కూర్చుంటా."

ముసలాయన నవ్వాడు. ఆస్లౌగ్ నవ్వలేదు. వచ్చేముందు తోడు కోసం ఫోనులో పేర్లన్నీ చూసుకుంది. కొందరు పోయారు. ఉన్నవాళ్ళను పిలవాలంటే ఇన్నాళ్ళూ ఎందుకు పిలవలేదో చెప్పాలి. ఓడల్లో వంట చేసినన్నాళ్ళూ ఎంతమందికి వడ్డించిందో లెక్కలేదు. ఇప్పుడు తన ఒక్కదానికి బంగాళాదుంపలు ఉడకబెట్టుకోవడం విసుగైపోయింది. ఈ పడవలో ఉత్తరాన లోఫోటెన్ దీవుల దాకా పోయి, ఇక పడవలోనే ఉండిపోదామని అద్దె ఇల్లు కూడా వదులుకుంటున్నానని ఇంటివాళ్ళకు చెప్పేసింది.

తాడుకు కట్టిన గుడ్డ కుర్చీలో కూర్చుంది. టోర్మోడ్ తాడు చుట్టే మర తిప్పుతుంటే ఒక్కో జానెడే పైకి లేచింది. కింద నుంచి అతని ఆయాసం వినిపిస్తోంది. కొయ్య మధ్యలో అడ్డకర్రల దగ్గర ఆగి పాత నూలు గుడ్డతో తీగలు తుడిచింది. గుడ్డ ఎక్కడా పట్టకుండా జారింది, అక్కడిదాకా బాగానే ఉంది. కొయ్య కొసన, దాన్ని ముందువైపు లాగిపట్టే ముందుతీగ బిగింపులోకి దూరే చోట మాత్రం గుడ్డ పట్టేసింది. లాగితే చిరిగింది. కళ్ళద్దాలు సర్దుకుని చూస్తే మూడు పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి.

"ఎట్టా ఉందమ్మా?"

"ముందు దించండి."

"అంటే బాగాలేదన్నమాట," అన్నాడు టోర్మోడ్. అయినా మెల్లగా, జాగ్రత్తగానే దించాడు.

ఆస్లౌగ్ చిరిగిన గుడ్డ చూపించింది. "గాలి గట్టిగా కొడితే కొయ్య మొత్తం మీద పడుద్ది. మీకు తెలీదా?"

"తెలీదు."

"ఏటా చూసుకోరా?"

"మా ఆవిడ గెర్ద్ ఉన్నన్నాళ్ళూ చూసుకున్నా. అది లాగేది, నేనెక్కేవాణ్ణి. అది పోయాక నన్నెవరు లాగుతారు? కింద నుంచే చూస్తున్నా. కింద నుంచి అన్నీ బాగానే కనపడతాయి."

ఆస్లౌగ్ చిరిగిన గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది.

"కొత్త తీగ నేనే వేయిస్తాలే," అన్నాడు.

"ఇప్పుడు వేయిస్తారు. వచ్చే ఏడు ఉత్తరాన ఏదో రేవులో నన్నెవరు లాగుతారు?"

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. ఏదో ఒకటి చెబుతాడేమోనని చూసింది. అతను టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"వద్దులెండి పెద్దాయనా," అంది చివరికి.

బేరమాడలేదతను. కుర్చీ అందుకుని, "పోయేలోగా నన్నొకసారి ఎక్కిస్తావా? ఆ తీగేదో నేనూ చూస్తా," అన్నాడు.

మనిషి తేలిక. తొందరగానే కొసకు చేరాడు. తీగ వైపు ఒక్కసారి చూసి, తర్వాత సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

"దించమంటారా?"

అతను సముద్రాన్నే చూస్తున్నాడు. రోడ్డు మీద ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఆస్లౌగ్ తాడును మరకు ఇంకో చుట్టు చుట్టి, కొస చేత్తో పట్టుకుని నిలబడింది. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయి. ఇంకోసారి పిలవలేదు.