బరువులేని కోటు

చీరలకు లేసు కుట్టడం, ఫాల్ వేయడం, కరోనా వచ్చినంక మాస్కులు కుట్టడం తప్ప లత చేతికి వేరే పని తెలియదు. నడుమ ఫోము పెట్టి, పరుపు కుట్టినట్టు గళ్లు గళ్లుగా కోటు కుట్టడం ఆమెకు అదే మొదలు. సూది విరిగింది, వేలు చిట్లింది, అయినా ఒక్క కుట్టు వదులు పోనివ్వలేదు. అది ఆమె పెనిమిటి చిరంజీవి ఒంటి మీదికి పోయేది మరి. రోడ్డుకూ అతని తోలుకూ నడుమ ఉండేది అదొక్కటే.

చిరంజీవి సూరత్‌లోని బమ్రోలిలో ఒక మరమగ్గాల షెడ్డులో సాంచాలు నడిపేవాడు. రెండోసారి కరోనా విరుచుకుపడి షెడ్డుకు తాళం పడింది. ముందటేడు లాక్‌డౌన్‌లో సొంతూరు సిరిసిల్ల దాకా పోయివచ్చిన తిప్పలు యాదికుండి, ఈసారి ఆ వాడలోని మన తెలుగువాళ్లంతా గదుల్లోనే ఉండిపోయారు. పని లేని మొగోడికి ఇల్లు ఇరుకు. పొద్దంతా గడపలో కూర్చుని బీడీ కాల్చేవాడు, చేతికి దొరికిన దారాన్నల్లా బీడీ నిప్పుకు ఆనించేవాడు. సాంచాల వాళ్లందరికీ ఉన్న అలవాటే అది. నూలయితే కాగితం లెక్క కాలి బూడిదవుతుంది. పాలిస్టరయితే ముడుచుకొని, కరిగి, నల్లపూసై కింద రాలుతుంది.

షెడ్డు సేటు మేనల్లుడు హితేష్‌కు పెద్ద మోటార్ సైకిళ్ల పిచ్చి. కర్ఫ్యూలో రోడ్లు ఖాళీ అయ్యేసరికి ఆ పిచ్చి ముదిరింది. ఆదివారం తెల్లారంగ, పర్వత్ పాటియా దాటినంక కాలువ పక్కన కొత్తగా వేసిన తారు రోడ్డు మీద, రెండేసి బండ్లు పక్కపక్కన నిలిపి, దస్తీ ఊపగానే వదిలేవారు. వంకర లేదు, మలుపు లేదు. దూరంగా కనిపించే కరెంటు స్తంభం దాకా సూటిగా ఒకటే ఉరుకు. బీడీ ముట్టించి ఒక దమ్ము లాగేలోపల అయిపోయేది. ఆ పందేనికి షరతు ఒకటుంది. బండి షోరూంలోంచి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉండాలి. బోల్టు మార్చొద్దు, సైలెన్సరు మార్చొద్దు. బండిని ముట్టొద్దన్నాక ఇక మార్చడానికి మిగిలింది మీద కూర్చునే మనిషే.

హితేష్ నిండిన బస్తా. చిరంజీవి రాత్రి డ్యూటీలు చేసి చేసి కండెపుల్ల లెక్క మిగిలినోడు. నీలాంటి బక్కోడు కూర్చుంటే ఈ బండికి రెక్కలొస్తాయని హితేష్ అన్నాడట. షెడ్డు తెరిచాక పనోళ్ల మీద మేస్త్రీని చేయిస్తానని కూడా అన్నాడు. బక్కోడా అని ఎక్కిరించినవాళ్లే తప్ప, ఆ బక్కతనాన్ని మెచ్చినవాడు చిరంజీవికి అప్పటిదాకా తగల్లేదు. మేస్త్రీ మాట కన్నా అదే అతన్ని పడగొట్టింది.

సంగతి తెలిసిన రోజు లత అన్నం ముట్టలేదు. అప్పుడే మాటలు నేర్చుకుంటున్న బిడ్డ ఇందుజను తెచ్చి అతని ఒళ్లో పడేసి, దీని మొకం చూసైనా మానుకొమ్మంది. ఒట్లు పెట్టింది, ఏడ్చింది, చివరికి చెప్పులు దాచింది. అతను వట్టికాళ్లతో పోయి గెలిచి వచ్చాడు. నెత్తికి హెల్మెట్ ఉంటది, భయమెందుకన్నాడు. మరి నెత్తి కింద ఉన్నది నీది కాదా అని ఆమె అడిగింది. హితేష్‌కు తోలు కోటు ఉంది కానీ అందులో చిరంజీవి లాంటి వాళ్లు ఇద్దరు పడతారు. పైగా దాని బరువుకు ఓడిపోతామని హితేషే విప్పించాడు. చిరంజీవి పోయేది ఉత్త అంగీ మీద.

ఆపలేకపోయిన దాన్ని కనీసం కప్పుదామనుకుంది లత.

సూరత్‌లో గుడ్డకు కరువా. సలాబత్‌పురా బజారు నుంచి లేసు పని తెచ్చిచ్చే గంగారాం మామ దగ్గర నల్లగా నిగనిగలాడే తాను ముక్క దొరికింది. సోఫాల దుకాణం నుంచి పలచటి ఫోము తెచ్చింది. అత్త సారక్క తన రేకుపెట్టె తెరిచి, తన పెనిమిటి ఊళ్లో మగ్గం మీద నేసిన నూలు దుప్పటి తీసి ముందర పెట్టింది.

"గిది కోసి కుట్టు బిడ్డా. నూలుది ఒంటికి మంచిది."

లత దాన్ని చేతిలో తూచి చూసి నవ్వింది. "గింత బరువు ఏసుకుంటె బండి జరుగుతదా అత్తమ్మా? గది నీకే కప్పుకోను ఉండనియ్యి."

ముసలామె దుప్పటి వెనక్కి తీసుకుంది. మడిచి మళ్లీ పెట్టెలో పెట్టింది.

కోటు తయారైంది. చిరంజీవి తొడుక్కుని, చేతద్దంలో చాలక, గోడ మీది నీడలో కూడా చూసుకున్నాడు. ముంజేతి దగ్గర వేలాడుతున్న దారం తెంపి, అలవాటు కొద్దీ బీడీకి ఆనించాడు. అది చుట్టుకుపోయి నల్లపూసై నేల మీద పడింది. ఇందుజ ఏరుకోబోతే, లత ఆ చేతి మీద చిన్నగా కొట్టి, కాలుతదని వెనక్కి గుంజింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ చూశారు. ఇద్దరికీ ఏమీ తోచలేదు. రోజూ చూసేదే కదా.

ఆ ఆదివారం కూడా చిరంజీవే గెలిచాడు. స్తంభం దాటాడు. దాటినంక బండి ఆగాలి కదా. అక్కడ రోడ్డు పనికి పోసిన ఇసుక పరుచుకొని ఉంది. వెనక చక్రం జారింది. బండి ఒక దిక్కు పోయింది, మనిషి ఒక దిక్కు పోయాడు, వెల్లకిలా, తారు మీద, చానా దూరం. స్తంభం దగ్గర నిలబడ్డ పక్కగది బిక్షపతి ఉరికి పోయేసరికి చిరంజీవి లేచి కూర్చునే ఉన్నాడట. హెల్మెట్ పగిలింది గానీ నెత్తికి ఏం కాలేదు. ఎముక విరగలేదు. బతికినవ్ రా అని బిక్షపతి నవ్వాడట. అప్పటికి వీపు ఎవరూ చూడలేదు.

స్కూటీ మీది నుంచి పడ్డానని చెప్పమని హితేష్ మనుషులు ఆస్పత్రి గేటు దాకా నేర్పుకుంటూ వచ్చి, అక్కడి నుంచి మాయమయ్యారు. లోపల వరండాలో కూడా ఆక్సిజన్ సిలిండర్ల నడుమ మనుషులు పడుకొని ఉన్నారు. తల నుంచి కాళ్ల దాకా ప్లాస్టిక్ తొడుక్కున్న డాక్టరమ్మ పట్టకారుతో అతని వీపు మీద ఏదో గుంజుతోంది. కబురంది ఉరికొచ్చిన లత దగ్గరికి పోయి చూసింది. కోటు ఎక్కడ అయిపోతుందో, తోలు ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. నల్లగా, నిగనిగలాడుతూ, తను కుట్టిన గళ్లతో సహా మాంసంలోకి దిగి ఉంది.

ఇదేం గుడ్డ అని డాక్టరమ్మ హిందీలో అడిగింది. పాలిస్టరని చెబితే, రాపిడికి కరిగి లోపలికి పోయిందని, ఇక ముక్క ముక్క ఏరాల్సిందేనని అంది. అక్కడ నిప్పు లేదు కదమ్మా అంది లత. అంత వేగంలో తారే నిప్పని డాక్టరమ్మ తల ఎత్తకుండానే చెప్పింది.

పడక దొరకలేదు. కట్టు మార్చడం నేర్పి ఇంటికి పంపారు.

సారక్క అడగకుండానే నూలు దుప్పటి తీసి పరిచింది. ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా బాగుండుననిపించింది లతకు. రోజూ సెలైన్ నీళ్లతో తడిపి, అంటుకున్న కట్టుగుడ్డ ఊడదీసేటప్పుడు చిరంజీవి ఆ దుప్పటి అంచు పండ్ల నడుమ పెట్టుకునేవాడు. ఎంత ఏరినా లోపలి నుంచి ఏదో ఒక ముక్క తేలి వస్తూనే ఉండేది.

వాడలో మాత్రం మాట వేరే తీరుగా పుట్టింది. చూడవచ్చిన వాళ్లతో చిరంజీవి గోడ దిక్కు మొకం పెట్టి, మా లత కుట్టిన కోటే నన్ను బతికించిందని చెప్పేవాడు. కాపాడింది పెళ్లాం పరువో, తన పరువో. వచ్చినవాళ్లకు వీపు మీద కప్పిన తెల్లగుడ్డే కనబడేది గానీ దాని కింద ఉన్నది కనబడేది కాదు. ఒక పగలు, అత్త నీళ్లకు పోయినప్పుడు, లతకు మాత్రం నిజం చెప్పాడు.

"కోటున్నదని బేఫికర్‌గ బండి గుంజిన లతా. ఉత్త అంగీ మీదున్నప్పుడు జర భయముండె. గా భయమే చెయ్యి పట్టుకుంటుండె."

లత లేచి, కోటు కుట్టగా మిగిలిన ఫోము ముక్కలు ఊడ్చి బయట పారేసింది.

అట్లాంటి రోజుల్లో బిక్షపతి భార్య పద్మారాణి వచ్చింది. చంకలో నీలం తాను ముక్క, ఫోము చుట్ట. ఆదివారం హితేష్ బండి ఎక్కేది ఈసారి బిక్షపతి.

"గట్లాంటిదే కుట్టు చెల్లె. మా ఆయన మీ ఆయన కన్న బక్కగుంటడు, గుడ్డ గూడ కలిసొస్తది," అని నవ్వుకుంటూ కూర్చుంది.

లత కుట్టనంది. పద్మారాణి నవ్వు ఆగింది. మేస్త్రీ పని పక్కింటోనికి పోతదని కుళ్లా అని మొదలుపెట్టి, మునుపు తన దగ్గర తీసుకున్న చారెడు చాయపత్తి దాకా అన్నీ ఎత్తింది. ఆఖరికి గొంతు తగ్గింది.

"నీ పెనిమిటిదే పానమా? మావోనిది గాదా?"

లత ఆ నీలం గుడ్డ అంచు నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి ఆనించింది. పూస రాలింది. పద్మారాణికి ఏమీ తెలియరాలేదు. పాలిస్టరని తెలిసే తెచ్చిన కదా అంది. పుట్టినకాడి నుంచి చూస్తున్న దాన్ని ఎవరు మాత్రం చూస్తారు.

లత లేచి, నీళ్ల గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "జర పట్టుకో అక్కా. కట్టు మార్చాలె."

"వొద్దు," అన్నాడు చిరంజీవి, గోడ దిక్కే చూస్తూ.

కప్పిన గుడ్డ మీద లత చెయ్యి ఆగిపోయింది. ఎత్తాలంటే ఒక్క వేలు చాలు. కానీ ఆ వీపు అతనిది, ఆ సిగ్గు అతనిది. అట్లాగే కూర్చుంది. పద్మారాణి గిన్నె పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. బయట ఎవరో పంపు కొడుతున్న చప్పుడు మొదలై, ఆగింది. చిరంజీవి దుప్పటి అంచు పండ్ల నడుమ పెట్టుకోబోయి, మళ్లీ తీశాడు.

"సూపియ్యి."

లత గుడ్డ ఎత్తింది. పొరకు పొర తడుపుతూ ఊడదీసింది. దాంతోపాటు ఊడివచ్చిన నల్లముక్క ఒకటి గిన్నెలో పడి టిక్కుమంది. పద్మారాణి ఆ ముక్క దిక్కు చూసింది, నేల మీద ఇందాక రాలిన పూస దిక్కు చూసింది. గిన్నె మెల్లగా కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పోయింది. గుడ్డ, ఫోము అక్కడే ఉండిపోయాయి.

ఆదివారం తెల్లారేసరికి బిక్షపతి గదికి బయటి నుంచి తాళం పడి ఉంది. పద్మారాణి మెట్టు మీద కూర్చుని, తాళంచెవి కొంగున ముడేసుకుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. లోపలి నుంచి బిక్షపతి తిట్టే తిట్లు వాడంతా విన్నది. ఆమె ఒక్క కాయ కూడా పక్కకు పోనియ్యలేదు.

పందెం ఆగలేదని మధ్యాహ్నానికి కబురొచ్చింది. వెనక ఒరియా వాళ్ల వాడలో ఒకతను ఎక్కాడట. బమ్రోలిలో బక్కవాళ్లకు కరువా. గెలిచాడని ఒకరన్నారు, పడ్డాడని ఇంకొకరన్నారు, రెండూ అని మరొకరన్నారు.

చిరంజీవి గోడ దిక్కే చూస్తూ అంతా విన్నాడు.

"కోటు ఏసుకున్నడా?" అని అడిగాడు.

వేసుకున్నాడంటే మంచిదో, వేసుకోలేదంటే మంచిదో లతకు తెలియలేదు. మూలన ఇందుజ నోట్లో ఏదో పెట్టుకోవడం చూసి ఉరికింది, వేలు పెట్టి తీసింది. నల్లపూస. మొన్న అగ్గిపుల్లకు రాలినదే కావచ్చు, ఊడ్చినప్పుడు తప్పిపోయి ఉంటుంది. గట్టిగా, సల్లగా ఉంది. లత దాన్ని పారేయకుండా పిడికిట్లో పట్టుకొని, పిల్లను చంకనేసుకుని, కట్టు మార్చడానికి నీళ్లు తేబోయింది.