తల్లి స్ఫటికం జాడ

“కాఫీ ఇక్కడ పెట్టి ఆ స్టూలు మీద కూర్చో సలోమీ. కెమెరాలో మాత్రం పడకేం,” అన్నాడు జీవన్, లాప్‌టాప్ ముందు టై సరిచేసుకుంటూ.

సలోమి కూర్చుంది. ఒళ్లో చీటీలు, కమిటీ అడగొచ్చనుకున్న ప్రశ్నకొకటి చొప్పున, అన్నీ ఆమె రాసినవే. మొగుడూ పెళ్లాలిద్దరూ అమలాపురంలో ఒకే కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఆకాశం నుంచి పడిన ఒక ఇనుప ఉల్క ముక్కతో మూడేళ్లు కుస్తీ పట్టింది మాత్రం ఆమె ఒక్కతే. అంట్లు తోమిన చేత్తోనే దాన్ని అద్దంలా మెరిసేదాకా రుద్దేది. ఆసిడ్ పూస్తే తాటాకు చాప అల్లికలాంటి గీతలు తేలేవి. “వంటింట్లో ఈ కంపేంటమ్మా,” అనేవారు అత్తగారు ఎలీసమ్మ. ఒక ఖనిజం పక్కన ఇంకోటి ఎటు తిరిగి నిలిచిందో కొలవడానికి పదకొండుసార్లు హైదరాబాదు లాబ్‌కి బస్సెక్కింది. తీరా ప్రాజెక్టు గ్రాంటు దరఖాస్తులో పేరు జీవన్‌ది. “నాకొస్తే మనకొచ్చినట్టు కాదా?” అన్నాడు. “వాడి పేరుంటే నీ పేరున్నట్టేనమ్మా,” అన్నారు అత్తగారు. తలూపి ఆయ్ అనేసింది. అలా అన్నందుకు ఇప్పటికీ తన మీద తనకే ఒళ్లు మండుతుంది. చివరి స్లైడులో కృతజ్ఞతలు పెట్టాడు. మొదటి లైను ప్రిన్సిపాల్ గారికి, రెండోది ‘ఇంటి సహకారానికి శ్రీమతి సలోమికి’.

ఆన్‌లైన్లో కమిటీకి స్లైడ్లు చూపించాక నాలుగు ప్రశ్నలు గట్టెక్కాయి. అతను బల్ల కింద చెయ్యి చాపడం, ఆమె చీటీ పెట్టడం, అతను గొంతు సవరించుకుని చదివెయ్యడం. ఐదోది కమిటీ పెద్దాయన అడిగారు.

“చల్లారేటప్పుడు తల్లి స్ఫటికంలోంచి పిల్ల స్ఫటికాలు పుట్టేయన్నారు. తల్లి బొత్తిగా మిగలని చోట అది ఎటు తిరిగి ఉండేదో ఎలా తేల్చేరండీ?”

జీవన్ చెయ్యి కిందికొచ్చింది. చీటీ సలోమి వేళ్ల మధ్యే ఉండిపోయింది. ఒక్కో పిల్లకి తల్లి ఎటెటు ఉండి ఉండొచ్చో లెక్కకడితే, అన్నిటికీ కలిసే దిక్కు ఒక్కటే ఉంటుంది, అదే తల్లిది. ఈ మాట రాబట్టడానికి ఎన్ని ఆదివారాలు చర్చి మానేసిందో, ఎన్ని మాటలు పడిందో ఆమెకే తెలుసు.

బల్ల కింద జీవన్ చిటికె వేశాడు. త్వరగా ఇమ్మని.

సలోమి చీటీ మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. స్టూలు ముందుకు జరిపింది. తెర మీద భర్త పక్కన ఆమె ముఖం కనిపించింది.

“ఎవరమ్మా మీరు?” అన్నారు పెద్దాయన.

“మా ఆవిడండీ, కాఫీ ఇవ్వడానికి...” అనబోయాడు జీవన్.

“చివరి స్లైడులో రెండో లైన్లో ఉన్నానండీ,” అంది సలోమి. “అది కొలిచింది నేను. సమాధానం చెప్పమంటారా?”