అలుపు తీరిన ఎలుకలు

రోజంతా మాట్లాడాల్సిన మాటలన్నీ అక్క పొద్దున్నే మాట్లాడేస్తుంది. ఆ వేళకు గొంతు గొంతులా ఉంటుంది, నాలుక చెప్పినట్టు వింటుంది. కుళాయి కింద గిన్నెలు తోముతూ తమ్ముడు ఊఁ కొడుతుంటాడు. కింది వాటావాళ్ళ పిల్లి ఈనిన సంగతి, మేడమీద నీళ్ళ ట్యాంకు కారుతున్న సంగతి, పడుకుంటే ఊపిరి అందడం లేదనీ ఇంకో దిండు కావాలనీ, వీధిదీపం పట్టపగలు కూడా వెలుగుతోందనీ ఒకదాని వెనుక ఒకటి వచ్చేస్తాయి. మధ్యాహ్నానికి ఆ మాటలే ముక్కులోంచి వస్తాయి. సాయంత్రానికి దాదాపు రావు. అప్పుడామె చేత్తో చూపిస్తుంది, అతను ఊహించుకుంటాడు.

కళ్ళదీ అదే వరస. నిద్ర లేచినప్పుడు బార్లా తెరుచుకుని ఉన్న కళ్ళు పొద్దెక్కేకొద్దీ వాలిపోతాయి. దానికి ఆమె కనిపెట్టిన ఉపాయం టేపు. గాయాలకు వేసే కాగితపు టేపును సన్నగా కత్తిరించి, రెప్పను పైకి లాగి నుదుటికి అంటించుకుంటుంది. చేతులకు కత్తెర ఆడించే సత్తువ లేదు గనుక, మర్నాటికి కావలసిన రెండు ముక్కలు సాయంత్రమే కత్తిరించి అద్దం చట్రానికి అంటించి పెట్టడం తమ్ముడి పని. ఆ రోజు కూడా ఆమె అద్దం ముందు నిలబడి రెండు ముక్కలూ అంటించుకుని, తన ముఖం చూసి తనే నవ్వింది. నవ్వితే పెదవులు పైకి లేవవు, అడ్డంగా సాగుతాయి. కొత్తవాళ్ళు చూస్తే కోపమొచ్చిందనుకుంటారు.

"ఇవాళే కదరా ఆఖరి పరీక్ష?" అంది.

"ఇవాళే."

"మీ ఎలుకలు ఏం చెబుతాయో ఏమో. మనుషులు ఎలాగూ నమ్మలేదు."

మనుషులు నమ్మకపోవడం నిజమే. ఆమె భర్త దర్జీ. కొట్లో గుండీల కాజాలు కుట్టేది ఈమే. ఒక ఏడాది సూది వేళ్ళలోంచి జారడం మొదలుపెట్టింది, తరువాత గిన్నె, ఆ తరువాత నీళ్ళ బిందె. అత్తగారు వీధిలో అందరికీ చెప్పింది, పని పేరెత్తితే రెప్పలు వాలిపోతాయనీ, ఒళ్ళు వంచడం ఇష్టం లేని మనిషికి ఇన్ని వేషాలనీ. రక్తపరీక్షలు చేయించారు. జబ్బుంటే ఉండాల్సిన దోషం రక్తంలో కనబడలేదు. ఆ కాగితమే బావకు సాక్ష్యమైంది. పెట్టె సర్ది, ఆటో ఎక్కించి, బావమరిది గుమ్మంలో దించి, "ఏమీ లేదట. డాక్టరే చెప్పాడు," అని వెళ్ళిపోయాడు. తల్లి పోయాక తనను ఎత్తుకు తిరిగిన అక్క కాబట్టి తమ్ముడు పెట్టె అందుకుని లోపల పెట్టాడు. నోట్లో నాలుక లేనివాడు.

పెద్దాసుపత్రిలోనూ అంతే. వరసలో గోడకు చేరగిలి, కళ్ళు మూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేది. పేరు పిలిచేసరికి రెప్పలు లేచేవి. లోపలికి వెళ్ళి, పట్టు చూడ్డానికి చాచిన డాక్టరు చేతిని గట్టిగా పట్టుకుని, అడిగినవాటికి గలగలా జవాబులు చెప్పి వచ్చేది. తమ్ముడు విసుక్కుంటే, "ముఖం వేలాడేసుకుని పరాయివాళ్ళ ముందు ఎలా కూర్చోనురా?" అనేది. చివరికి ఆ డాక్టరు ఒక మాట అన్నాడు. ఇలా పరీక్షలకు దొరకని రోగులు ఇంకా కొందరు ఉన్నారు, వాళ్ళ రక్తంలోని యాంటీబాడీలను వేరుచేసి పక్క భవనంలో ఎలుకలకు ఎక్కిస్తున్నారు, మీరూ ఇవ్వండి. ఎలుకలు నీరసిస్తే దోషం రక్తంలోనే ఉన్నట్టు, వెంటనే రక్తం వడకట్టే వైద్యం మొదలుపెడదాం. నీరసించకపోతే మనసు డాక్టరుకు చూపించుకోండి.

పక్క భవనంలో ఆ ఎలుకలకు మేత వేసేది తమ్ముడే.

అక్కడ అతన్ని అందరూ పొట్టు బాబాయ్ అంటారు. గూళ్ళలో పరిచే చెక్కపొట్టు కనుబొమల్లో, చెవుల వెనుక, చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. నిలువెత్తు మనిషి, తక్కువ ఎత్తు బల్లల మీద వంగీ వంగీ మెడ ముందుకు వచ్చేసింది. ముంజేతుల మీద ఎలుకలు గీరిన సన్నని గీతలు, కొన్ని తెల్లబడ్డవి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నవి. చీమకు కూడా హాని చేయడని పేరు. అయితే పని ముగిసిన ఎలుకలను గ్యాసు పెట్టెలో పెట్టేదీ అతనే, కాబట్టి ఆ పేరు చీమల వరకే చెల్లుతుంది.

ఎలుకల గదిలో పొట్టు వాసన, మూత్రం ఘాటు, గాలి యంత్రం రొద. కొన్ని గూళ్ళకు నీలం చీటీలు, కొన్నిటికి తెల్ల చీటీలు. ఒక రంగువాటికి రోగుల యాంటీబాడీలు, ఇంకో రంగువాటికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళవి. ఏ రంగు ఏదో మేత వేసేవాడికీ తెలియదు, కొలిచే డాక్టరమ్మకూ తెలియదు, పై అంతస్తులో పెద్దసారుకే తెలుసు. చేతులు పక్షపాతం చూపకూడదని ఆ ఏర్పాటు.

డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. మొదటి రోజే అతనికి విడమరిచి చెప్పింది. "ఒంట్లోకి జబ్బులు రాకుండా కాపలా కాసేవి యాంటీబాడీలు బాబాయ్. కొందరిలో అవి దారి తప్పి, నరం చెప్పే మాట కండకు చేరే చోట కూర్చుని ఆ దారే మూసేస్తాయి."

"కంచే చేను మేసినట్టన్నమాట," అన్నాడతను.

"అంతే. మాట మొదట్లో చేరుతుంది, వాడేకొద్దీ చేరదు. రెప్పనెత్తే కండైనా, ఊపిరి తీసే కండైనా అంతే. అందుకే ముందు అలసిపోయేలా పరిగెత్తించి, అప్పుడు కొలవాలి."

పరిగెత్తించడం అతని వంతు. తిరిగే కడ్డీ మీద ఎలుకను నిలబెడితే పడిపోకుండా పరిగెడుతుంది. దాని కాళ్ళు తడబడ్డాక డబ్బాలో పెట్టి, నడవా చివర ఉన్న డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళాలి. ఆమె దాన్ని ఇనుప వల మీద ఉంచి వలను తలకిందులు చేస్తుంది. బలం ఉన్న ఎలుక పట్టుకుని వేలాడుతుంది. లేనిది కింద పరిచిన దూది మీద పడుతుంది.

రెండుసార్లు పరీక్ష జరిగింది, రెండుసార్లూ రెండు రంగుల ఎలుకలూ ఒకేలా వేలాడాయి. పెద్దసారు పై నుంచి దిగివచ్చి, మూడోసారి కూడా ఇంతే అయితే గూళ్ళు ఖాళీ చేసేద్దామన్నాడు. ఆ రాత్రి అక్కకు ఆ సంగతి ఎలాగో చెప్పాడు. ఆమె టేపు ఊడదీసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడో పరీక్ష రోజున అతను మొదటి ఎలుకను కడ్డీ మీద ఎక్కించాడు. నీలం చీటీది. కాసేపటికే వెనుక కాళ్ళు ఈడ్చింది, పొట్ట కడ్డీకి ఆనించింది, జారింది. డబ్బాలో పెట్టి చూస్తే పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. నడవా మలుపులో కిటికీ దగ్గర అరుగు ఉంది. ఎప్పటిలాగే డబ్బాను ఆ అరుగు మీద నీడలో పెట్టి, పైన గుడ్డ కప్పి, ఫ్లాస్కులోంచి టీ వంచుకున్నాడు. ఆయాసపడుతున్న ప్రాణిని తీసుకెళ్ళి తలకిందులుగా వేలాడదీయడం అతని చేత కాదు. అతను టీ తాగేంతసేపు ప్రతి ఎలుకా అలుపు తీర్చుకునేది. మరీ డస్సిపోయినదానికి ఇంకో అరకప్పు టీ సమయం కూడా దొరికేది. దీన్ని ఎవరూ అడగలేదు, అతను ఎవరికీ చెప్పలేదు. దయ కూడా ఒకరికి చెప్పి చేయాల్సిన పని అని అతనికి తోచలేదు.

గుడ్డ అంచు ఎత్తి చూశాడు. ఎలుక మూలకు ఒదిగి, కళ్ళు మూసుకుని, కదలకుండా కూర్చుంది. ఎక్కడో చూసిన కూర్చోవడమే అది. ఆసుపత్రి గోడకు చేరగిలి, పేరు పిలిచేదాకా కళ్ళు మూసుకుని, లోపలికి వెళ్ళగానే గలగలా మాట్లాడిన మనిషి కూర్చున్న తీరు.

కప్పు అక్కడే వదిలేసి, ఆ ఎలుకను తీసుకెళ్ళి మళ్ళీ కడ్డీ మీద పెట్టాడు. అది మళ్ళీ తడబడింది. ఈసారి అరుగు దగ్గర ఆగలేదు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి నడవాలో పరిగెత్తడం ఆ భవనంలో ఎవరూ చూసి ఉండరు.

డాక్టరమ్మ వలను తిప్పింది. ఎలుక ఒక కాలు వదిలింది, రెండోది వదిలింది, దూది మీద పడింది.

ఆమె గడియారం వైపు చూసి, ఎలుక వైపు చూసి, అతని వైపు చూసింది. "ఏమైంది దీనికి?"

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తరువాత చెప్పాడు. అరుగు సంగతి, గుడ్డ సంగతి, అరకప్పు టీ సంగతి, వరసలో కళ్ళు మూసుకుని కూర్చునే అక్క సంగతి కూడా.

"అన్నిటికీ ఇచ్చారా రెస్టు? రెండుసార్లూనా?"

"ఆయాసపడుతున్నాయి కదమ్మా."

"బాబాయ్, ఆ ఆయాసమే కదా నేను కొలవాల్సింది!" ఆమె చేతిలోని పెన్ను బల్ల మీదికి విసిరేసింది. నోరు తెరిచి ఇంకేదో అనబోయి, దూది మీద ఇంకా లేవలేకపోతున్న ఎలుకను చూసి ఆగిపోయింది. "తర్వాత తిడతాను. ముందు మిగతావి తీసుకురండి. దారిలో ఎక్కడా ఆగకండి."

మధ్యాహ్నం దాకా అతను నడవాలో తిరుగుతూనే ఉన్నాడు. తెల్ల చీటీలవి వగర్చుతూనే వలను పట్టుకుని వేలాడాయి. నీలం చీటీలవి ఒక్కటీ నిలవలేదు. ప్రతిసారీ అవి పడిన చప్పుడు చాలా చిన్నది, అయినా అతనికి వినబడింది. పడుతున్నందుకు లోపల సంతోషమేసింది, సంతోషించినందుకు సిగ్గూ వేసింది.

డాక్టరమ్మ పై అంతస్తుకు ఫోన్ చేసింది. విని, పెట్టేసి, "నీలం చీటీలవే రోగులవి," అంది.

"మా అక్కది ఉందామ్మా వాటిలో?"

"పేర్లు నాకూ తెలియవు. కానీ రోగులందరివీ నీలమే, నీలంవన్నీ పడ్డాయి." ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "రేపే ఆసుపత్రికి రమ్మనండి. అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను. ఇంకో మాట బాబాయ్. వరసలో కళ్ళు మూసుకుని కూర్చోనివ్వకండి. మెట్లెక్కించి తీసుకురండి."

తిట్టడం ఆమె మరిచిపోయింది.

సాయంత్రం నీలం ఎలుకలను గ్యాసు పెట్టెలో పెట్టాల్సి వచ్చింది, నరాలూ కండలూ కోసి చూడాలి. అతను కొత్త పొట్టు పరిచాడు. ఎందుకని అడిగితే ఏమో, ఎప్పుడూ పరుస్తాడు. మీట తిప్పి, గాజులోంచి చూస్తూ నిలబడ్డాడు. అవి ఒకదాని మీద ఒకటి ఒదిగి, నిద్రపోతున్నట్టే ఆగిపోయాయి.

ఇంటికి వెళ్ళేసరికి అక్క మంచం మీద దిండ్లకు చేరగిలి కూర్చుంది. టేపు ఊడి ఒక రెప్ప పూర్తిగా వాలింది. అతను చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు, ఎందుకంటే మొదటిసారి ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. కదిలే వేళ కాదది. కాసేపటికి వాలిన రెప్ప కిందనుంచి నీళ్ళు కారాయి. గడ్డం జారిపోకుండా అరచేత్తో ఆపుకుని, ముక్కుతో అంది.

"అయితే... పనిదొంగను కాను."

"కాదక్కా."

"మీ బావకు... నేనే చెబుతా."

"ఫోన్ కలుపుతాను, ఇప్పుడే చెప్పు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఈ గొంతుతోనా? వేషమనుకుంటాడు. పొద్దున... పొద్దున బాగుంటుంది."

"అలిసి ఉన్నప్పుడే విననీ అక్కా. ఇవాళ నేను తెలుసుకున్నది అదే. విశ్రాంతి తీసుకుని చెబితే ఎవడు నమ్ముతాడు?"

ఆమె అడ్డంగా నవ్వింది. ఒకప్పుడు అతని ముక్కు తుడిచిన చేతిని అతని మోచేతి మీద వేసి, చాల్లే అన్నట్టు తట్టింది. కనుబొమలో ఉన్న పొట్టు ముక్క తీసి పారేసింది. పడుకోబోతే ఊపిరి ఎగశ్వాసగా వచ్చింది. దిండు సంగతి పొద్దున చెప్పిందని అప్పుడు గుర్తొచ్చి, తన దిండు తెచ్చి వీపు కింద పెట్టాడు. అది సరిపోయినట్టే ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది. అతను కత్తెర తీసి, మర్నాటి ముక్కలు కత్తిరించి, చేయి తల కింద పెట్టుకుని చాప మీద పడుకున్నాడు.

పొద్దున్నే కుళాయి కింద గిన్నెలు తోముతూ ఊఁ అన్నాడు. కాసేపాగి మళ్ళీ ఊఁ అన్నాడు. పిల్లి సంగతి గానీ ట్యాంకు సంగతి గానీ ఎవరూ ఏమీ అనలేదని అప్పుడు తెలిసింది. నీళ్ళు కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే లోపలికి వెళ్ళాడు. మూడు దిండ్లూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆమె చేయి చల్లగా ఉంది.

బావకు అతనే ఫోన్ చేశాడు. పోయిందన్న సంగతి ముందు చెప్పాడు, ఎలుకలు పడిన సంగతి తరువాత చెప్పాడు. అటునుంచి కుట్టుమిషను చప్పుడు ఆగింది. "నిజంగానే జబ్బా?" అన్నాడు బావ. అతను జవాబివ్వకుండా ఫోన్ పెట్టేశాడు. జీవితంలో అతను ఎవరితోనైనా కటువుగా ప్రవర్తించడం అదొక్కసారే.

తరువాత వాళ్ళూ వీళ్ళూ వచ్చి మంచం తీసేశారు, దిండ్లు తీసేశారు. కింది వాటావిడ గది ఊడ్చింది. అద్దం జోలికి ఎవరూ పోలేదు. చట్రానికి పక్కపక్కనే రెండు టేపు ముక్కలు, ఒక కొన మాత్రమే అంటుకుని, పంకా గాలికి కదులుతున్నాయి.