పరుపుల సొరచేప

పొద్దున్నే రాగానే సూదక్క చేసే మొదటి పని సొరచేప నోటి కుట్లు విప్పడం. సాయంత్రం పోయేముందు మళ్లీ కుట్టేస్తుంది. లేకపోతే తొట్టిలో ఏది పడితే అది మింగేస్తోంది. మొన్న లైట్‌మ్యాన్ టోపీ, నిన్న డైరెక్టర్ గొడుగు.

మూతపడ్డ గోడౌన్‌లో కట్టిన ఆ తొట్టే వాళ్ల సినిమాకి సముద్రం. ఎనిమిది బారలు ఈదితే అవతలి గోడ. విరిగిన తలుపొకటి పడవనుకుని, దాని మీద నలుగురు ఆర్టిస్టులు నెల్రోజులుగా "కాపాడండి" అని గొంతు చించుకుంటున్నారు. సొరచేపంటే రెండు పాత పరుపుల నురగ, పైన బూడిదరంగు రెక్సిను. డ్రస్సులు కుట్టే సూదక్కే దాన్నీ కుట్టింది. మొదట్లో ఇద్దరు మునిగి తోసేవాళ్లు. మూడోరోజు నుంచి అదే ఈదుతోంది. మేనేజర్ ఆ ఇద్దర్నీ టీలు మోయడానికి పంపాడు. అంతే.

సూదక్క చెల్లెలు డూపు. ఇన్నాళ్లూ హీరోయిన్ బదులు దూకింది, దొర్లింది. తెరమీద ఎప్పుడూ వీపే. ఇవాళ ఆఖరి షాట్‌లో మాత్రం ఆమెకి సొంత వేషం ఇచ్చారు. ఈదుకుంటూ వచ్చి, కెమెరావైపు తిరగాలి. అప్పుడు సొరచేప మింగుతుంది. పొట్టకింద జిప్పు తీసుకుని బయటికి రావాలి.

"ఒసే, గొడుగు కోసం దాని నోట్లో చెయ్యి పెట్టానే," అంది సూదక్క, చెల్లెలి నడుం దగ్గర గుడ్డ బిగిస్తూ. "భుజందాకా పోయింది. నురగ తగల్లేదు. దానికి అవతలి వైపు లేదే."

"ముందు నోట్లో పిన్నులు తీసి మాట్లాడు. నువ్వూ మింగేస్తావ్."

"నవ్వులాట కాదు. వద్దు."

"పదకొండు సినిమాలక్కా. మా ఆయనకి కూడా తెరమీద వీపు చూపించి, అదుగో అది నేనే అని చెప్పుకున్నా. ఒక్కసారి నా మొహం పడనీ."

సూదక్క నల్లదారం కొస తెచ్చి చెల్లెలి నడుముకి కుట్టేసింది. "జిప్పు దొరక్కపోతే ఇది పట్టుకుని వెనక్కి రా."

"నేనేమన్నా గాలిపటాన్నా?"

చెల్లెలు ఈదింది. తిరిగింది. ఆ మొహంలో భయం అన్నమాటే లేదు. ఆమె మీద సొరచేప నోరు మూసుకుంది.

"కట్! భయం తక్కువైంది కానీ, మొహం బాగుంది," అన్నాడు డైరెక్టర్. అందరూ చప్పట్లు కొట్టారు.

సూదక్క చేతిలో దారం రీలు తిరుగుతూనే ఉంది.

తొట్టిలో నీళ్లు బయటికి వదిలేశారు. సొరచేప తొట్టి అడుగున తడి పరుపులా చతికిలబడింది. జిప్పు లాగితే ఎవరూ లేరు. దారం మాత్రం నోట్లోకి పోతూనే ఉంది. నల్లది అయిపోతే నీలం ముడేసింది. నీలం అయిపోతే ఎరుపు. తర్వాత, దేనికీ మ్యాచ్ కాదని పక్కన పడేసిన పసుపు.

"లోపల దూరం ఎక్కువున్నట్టుంది," అన్నాడు మేనేజర్. "చీకటి పడేలోగా గోడౌన్ ఖాళీ చెయ్యాలి సూదక్కా. తెంపేయ్."

పళ్లతో దారం తెంపడం ముప్పయ్యేళ్ల అలవాటు ఆమెకి. దారం పెదాలదాకా వచ్చింది. ఉప్పగా తగిలింది.

తెంపలేదు. పసుపు రీలు ఖాళీ అయ్యాక కొసని మణికట్టుకి చుట్టి ముడేసింది. దారం మెల్లగా లాగింది.

"ఇంకా ఎంతసేపక్కా?" అని అరిచాడు మేనేజర్, లైట్లు ఒక్కొక్కటీ ఆర్పుతూ.

"ఉండవే, వస్తున్నా," అంది సూదక్క, సొరచేప నోట్లోకి. చెప్పులు విడిచి పక్కపక్కనే సర్ది పెట్టి, రెక్సిను పెదవి పైకెత్తి తల వంచింది.