సూది మొన మీద చుక్క

సోమవారం మధ్యాహ్నం మెరిదా నగరంలో వాన మొదలయ్యేసరికి పరిశోధక విద్యార్థిని ఇర్లాందా కన్చే తన లాబు గది తలుపు లోపలినుంచి గడియ వేసుకుని ఉంది. ఎదురుగా గాజు పెట్టె. పెట్టెలో సిరంజి, దాని సూదికి కరెంటు తీగ, సూదికి ఎదురుగా గిర్రున తిరిగే డ్రమ్ము. వేల వోల్టుల కరెంటు లాగుతుంటే సూది చివర ద్రావణం కంటికి ఆనని దారమై సాగి, డ్రమ్ము మీద తెల్లటి బట్టలా పేరుకుంటోంది. వెంట్రుకను నిలువునా వేల పాయలుగా చీలిస్తే ఒక్కో పాయ ఎంతుంటుందో ఆ దారం అంతే.

ఈ బట్టను కొలిమిలో మాడిస్తే నల్లటి బొగ్గుబట్ట అవుతుంది, ద్రావణంలో కలిపిన రాగి దాని నిండా నలుసులై నిలుస్తుంది. దాన్ని నీళ్ళలో ముంచి కరెంటు పెడితే, పందుల ఫారాల నుంచి భూమిలోకి దిగి బావి నీళ్ళను పాడుచేస్తున్న నైట్రేట్‌ను రాగి విరిచేస్తుంది. గురువారం ఇర్లాందా సొంత ఊళ్ళోనే, బావి దగ్గర అందరి ముందూ చేసి చూపించాలి. ఇంతకుముందు రెండుసార్లు ఎవరెవరో వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయి మళ్ళీ మొహం చూపించలేదు. అందుకే ఊరి పెద్ద కస్తులో ఉయికాబ్ ఖండితంగా చెప్పేశాడు: "గురువారం రండమ్మా, చూస్తాం. రాకపోతే ఇక ఆ బావి దగ్గరికి ఎవర్నీ రానివ్వం."

ద్రావణం ఆ ఒక్క సిరంజిలోనే ఉంది. దానికి కావలసిన పొడి అయిపోయింది. రాజధాని నుంచి మళ్ళీ రావాలంటే నెల పడుతుంది.

తేమ చూపే మీటరు ముప్పై ఆరు శాతం దగ్గర ఉంది. నలభై దాటితే దారం తెగుతుంది. అందుకే గదిలో ఏసీ, తేమ లాగే యంత్రం రెండూ ఆడుతున్నాయి, కిటికీ సందులకు టేపు వేసి ఉంది.

మళ్ళీ చూసేసరికి ముప్పై తొమ్మిది.

ఇర్లాందా టేపు తడిమి చూసింది. ఎక్కడా ఊడలేదు. తలుపు కింద గుడ్డ కూడా పొడిగానే ఉంది. నలభై రెండు. సూది చివర దారం వణికింది, చిన్న చుక్క వేలాడింది. డ్రమ్ము మీది తెల్లదనంలో ఒకచోట తడి మచ్చ పడింది.

వాన బయట కురుస్తుంటే తేమ లోపలినుంచి ఎలా పుడుతోంది? చెమట తుడుచుకుందామని ముఖానికున్న మాస్కు ఎత్తింది.

పంది మాంసంతో ఉడికిన నల్ల చిక్కుళ్ళ వాసన.

బీరువా వెనక, నేల మీద, పెద్ద గిన్నె. మూత ఓరగా తీసి ఉంది. లోపలినుంచి ఆవిరి పొగలు పొగలుగా లేస్తోంది. సోమవారం కదా. మెరిదాలో ఆ రోజు ఇంటింటా అదే వంట.

సరిగ్గా అప్పుడే తలుపు దబదబ మోగింది.

"ఇర్లాందా! తలుపు తియ్యవే, ఆకలికి చచ్చిపోతున్నాం!" తోటి విద్యార్థి విల్బెర్త్ గొంతు.

"ఈ గిన్నె నువ్వే పెట్టావా?"

"మరి? పోయిన సోమవారం పక్క లాబువాళ్ళు అడుగంటా నాకేశారుగా. నీ గదిలోకైతే పిల్లి కూడా రాదని ఇందాక నువ్వు గడియ వేసుకునేముందే వేడివేడిగా తెచ్చి దాచా. మూత బిగించకు తల్లీ, పులిసిపోతుంది. మా అత్త నన్ను చంపేస్తుంది!"

ఇర్లాందా ముందు కరెంటు కట్టేసింది. ద్రావణం తోసే పంపు ఆపింది. డ్రమ్మును మాత్రం తిరగనిచ్చింది. మూత బిగించి, గిన్నె మొత్తానికి ప్లాస్టిక్ షీటు చుట్టి టేపు వేసింది. మీటరు నలభై ఏడు.

"ఇర్లాందా, నేనమ్మా." ఈసారి డాక్టరమ్మ గొంతు, పరిశోధన నడిపించే ప్రొఫెసరు నిదెల్వియా పూక్. "తలుపు తియ్యి, ఎంతవరకు వచ్చిందో చూస్తాను."

ఆ గొంతుకు ఇర్లాందా ఏనాడూ కాదనలేదు. క్లాసులో పేరు పిలిస్తేనే చెవులు ఎర్రబడతాయి. చెయ్యి గడియ దాకా వెళ్ళింది. తలుపు అవతల వరండాకు గోడల్లేవు, వానజల్లు నేరుగా లోపలికి కొడుతుంది.

"తియ్యను డాక్టరమ్మా."

"ఏమన్నావ్?"

"తియ్యను. తీస్తే మొత్తం పోతుంది." చెయ్యి గడియ మీంచి తీసేసింది. "విల్బెర్త్‌ని కూడా తలుపు కొట్టొద్దనండి."

"తేమ ఎంతుంది?"

"నలభై ఏడు."

డాక్టరమ్మ అంది, "అయితే తియ్యకు. ఒరేయ్, ఇటు రా నువ్వు! గిన్నె పెట్టడానికి నీకు ఇంకెక్కడా చోటు దొరకలేదట్రా?"

ఇర్లాందా మీటరు ముందే కూర్చుంది. ముల్లు కదలదు, కదిలినా వెంట్రుకవాసి. సూదికి గడ్డకట్టిన చుక్కను మెత్తటి కాగితంతో తుడిచింది. సిరంజిలో ద్రావణం కూడా చిక్కబడితే ఇంతే సంగతులు. ముల్లు ముప్పై ఎనిమిదికి దిగాక పంపు తిప్పి, కరెంటు పెట్టింది. చుక్క ఉబ్బింది. కోసుగా సాగింది. దారమై పరిగెత్తింది.

మర్నాడు ఆ బట్టను ముందు గాలిలో, తర్వాత నైట్రోజన్‌లో కాల్చారు. బుధవారం పొద్దున కొలిమి గొట్టం చల్లారాక డాక్టరమ్మ నల్లటి ముక్కను పళ్ళెంలోకి జార్చింది. విల్బెర్త్ దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వంచి చూడు," అంది డాక్టరమ్మ. దారాలు బాగుంటే వంగుతుంది. తడిసి ముద్దకట్టినవైతే అప్పడంలా విరుగుతుంది.

ఇర్లాందా రెండు అంచులూ పట్టుకుని మెల్లగా వంచింది. తడి మచ్చ పడిన మూల పుటుక్కున విరిగి పళ్ళెంలో పొడిపొడిగా రాలింది. విల్బెర్త్ కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఇంకాస్త వంచింది. మిగతాదంతా కాగితంలా వంగి, వదలగానే మళ్ళీ తిన్నగా అయింది.

"మూల కత్తిరించేద్దాం," అంది ఇర్లాందా. "చిన్న గిన్నెలో చేసి చూపిద్దాం. నీళ్ళు తక్కువైనా పని జరుగుతుంది."

డాక్టరమ్మ ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఆ మాట కస్తులో గారికి నువ్వే చెప్పు. మీ ఊరేగా."

అవతల ఫోను ఎత్తారు. ఇర్లాందా చెవులు ఎర్రబడ్డాయి.

"పెదనాన్నా, నేను, కన్చేల అమ్మాయిని. రేపు వస్తున్నాం. మా బట్ట చిన్నది, ఒక్క చెంబు నీళ్ళకే సరిపోతుంది. అయినా అందర్నీ రమ్మనండి."